జట్టు ఓడుతోంది: కోచ్‌ను మార్చాలా, మేనేజ్‌మెంట్‌ను నిలదీయాలా?

గచ్చిబౌలి స్టేడియంలో మ్యాచ్ ఓడిపోయి బయటికొచ్చిన రాత్రుల్లో మా దోస్తుల మధ్య ఒకటే వాదన. "కోచ్‌ను తీసేస్తే అంతా సెట్ అయితది భయ్యా" అని ఒకరు, "జీతాలియ్యకుంటే కోచ్ ఏం జేస్తడు?" అని ఇంకొకరు. నిజానికి ఇద్దరి మాటలూ సరైనవే కావచ్చు. కాకపోతే చెరో సీజన్‌కు సరిపోతాయి.

మన ఊరి ఫుట్‌బాల్ క్లబ్ హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) పట్టికలో రెండుసార్లు అట్టడుగున నిలిచింది. 2019-20లో 18 మ్యాచ్‌లకు 10 పాయింట్లు, 2023-24లో 22 మ్యాచ్‌లకు 8 పాయింట్లు. స్థానం అదే, రోగం మాత్రం వేరు. పట్టిక జ్వరం ఎంతుందో చూపిస్తుంది, ఎందుకొచ్చిందో చెప్పదు. అందుకే లక్షణాలు విడివిడిగా చూడాలి.

ఒక మాట ముందే. ఇంగ్లాండ్‌లో మేనేజర్ అంటే కోచే. మన క్లబ్బుల్లో టీమ్ మేనేజర్ అంటే ప్రయాణాలు, హోటళ్లు, కిట్లు చూసే మనిషి. నేనిక్కడ మేనేజ్‌మెంట్ అన్నప్పుడల్లా డబ్బు పెట్టేవాళ్లు, ఆటగాళ్లను కొనాలో వద్దో తేల్చేవాళ్లు అని అర్థం. సగం గొడవలు ఈ తేడా దగ్గరే మొదలవుతాయి.

లక్షణం: కార్నర్లకు, ఫ్రీకిక్‌లకు ప్రతి మ్యాచ్‌లో ఒకే తీరున గోల్స్ పడుతున్నాయి

ఇది కోచ్ పని. ఎవరు ఎవర్ని పట్టుకోవాలో, దగ్గరి పోస్టు దగ్గర ఎవరుండాలో ట్రైనింగ్‌లోనే తేలాలి. దీనికి కొత్త ఆటగాళ్లు అక్కర్లేదు, కొన్ని వారాల సాధన చాలు. నాలుగైదు మ్యాచ్‌ల తర్వాత కూడా అదే గోల్ పడుతుంటే కోచ్‌ను అడగడం న్యాయమే.

లక్షణం: 70వ నిమిషం దాటగానే జట్టు కూలిపోతోంది

ఇక్కడ తొందరపడి ఎవరినీ తిట్టొద్దు. ముందు బెంచ్ చూడండి. ఆడగలిగినవాళ్లు కూర్చునే ఉన్నా సబ్‌స్టిట్యూషన్ 85వ నిమిషంలో చేస్తే తప్పు కోచ్‌దే. బెంచ్ మీద అనుభవం లేని పిల్లలు తప్ప ఎవరూ లేకపోతే, ఆ జట్టును అలా తయారుచేసినవాళ్లను అడగాలి.

లక్షణం: సీజన్ మధ్యలో ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు

దీని గురించే ఎక్కువ రాయాలి, ఎందుకంటే మన ఊరు దెబ్బ తిన్నది ఇక్కడే. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో జరిగిన ఐఎస్ఎల్ ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌పై పెనాల్టీల్లో గెలిచి కప్పు ఎత్తిన క్లబ్ ఇది. మరుసటి సీజన్ లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. తర్వాత కోచ్ మనోలో మార్కెజ్ ఎఫ్‌సీ గోవా క్లబ్‌కు వెళ్లారు. అందుకే చాలామంది "కోచ్ పోయాడు, జట్టు పోయింది" అన్నారు. కానీ 2023-24లో బయటపడ్డవి వేరే సంగతులు: జీతాల బకాయిలు, ఫిఫా బదిలీల నిషేధం (కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా), క్లబ్ వదిలిన విదేశీ ఆటగాళ్లు. కోచ్ థాంగ్‌బోయ్ సింగ్టో ఎక్కువగా కుర్రాళ్లతోనే నెట్టుకొచ్చారు. ఆ సీజన్ మొత్తానికి ఒకే ఒక్క గెలుపు. అక్కడ ఎంత గొప్ప కోచ్‌ను నిలబెట్టినా ఫలితం పెద్దగా మారేది కాదని నా గట్టి నమ్మకం.

పరిష్కారం: అభిమానులు బ్యానర్ మీద కోచ్ పేరు రాయడం మానాలి. కోచ్‌ను తీసేయడం యాజమాన్యానికి అన్నిటికన్నా చవకైన పని. అది చేసి చేతులు దులిపేసుకుంటారు. బకాయిలు తీరాయా, నిషేధం ఎత్తేశారా, క్లబ్ లైసెన్సింగ్ (లీగ్‌లో ఆడేందుకు కావాల్సిన అనుమతి) గట్టెక్కిందా అని అడగాలి. ఆ జవాబులు రాకుండా కొత్త కోచ్‌ను ప్రకటిస్తే సంబరపడొద్దు.

లక్షణం: ఆటగాళ్లున్నారు, కానీ ఆటకు ఒక పద్ధతి లేదు

2019-20 ఇలాంటిదే. సొంత మైదానంలో మొదటి మ్యాచ్ గెలిచాక రెండో గెలుపు సీజన్ చివరి మ్యాచ్‌లో గానీ రాలేదు. అప్పటి కోచ్ ఫిల్ బ్రౌన్‌ను 2020 జనవరిలో తప్పించారు. ఆ ఏడాదే మార్కెజ్ వచ్చారు, తర్వాతి సీజన్‌లో జట్టు ఐదో స్థానానికి ఎక్కింది, 20 మ్యాచ్‌ల్లో ఓడింది మూడే. అయితే ఇది కోచ్ ఒక్కడి ఘనత అనొద్దు. విదేశీ ఆటగాళ్లను కొత్తగా తెచ్చుకున్నారు, ఆకాశ్ మిశ్రా, లిస్టన్ కొలాసో లాంటి కుర్రాళ్లను వరసగా ఆడించారు. కోచ్ ఆలోచనా, కొనుగోళ్లూ ఒకే దారిలో నడిచాయి. కోచ్‌ను మార్చి, జట్టును పాత ఆలోచనతోనే కొంటే మాత్రం ఏడాదికో కోచ్ వచ్చి పోతుంటారు.

కోచింగ్, మేనేజ్‌మెంట్ ఈ రెండు పనులు ఒకే బల్ల దగ్గర జరిగితే ఏమవుతుందో మన ఊరు ఒకప్పుడు చూసింది. సయ్యద్ అబ్దుల్ రహీమ్ హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి, సిటీ పోలీస్ జట్టుకు కోచ్ కూడా. కుర్రాళ్లకు డ్రిబ్లింగ్ లేని టోర్నీలు పెట్టి పాసింగ్ నేర్పారు. సిటీ పోలీస్ 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ ఫుట్‌బాల్ టోర్నీ గెలిచింది.

ఇప్పుడు హైదరాబాద్ ఎఫ్‌సీ లేదు, 2025లో ఢిల్లీకి తరలి పేరు మార్చుకుంది. మా వాదన మాత్రం ఇంకా నడుస్తోంది, ఇప్పుడది మా బస్తీ జట్టు గురించి. పోయినవారం ఓడాక నేను మొదట అడిగింది ఒకటే: కోచ్‌కు ఈ నెల డబ్బులు ఇచ్చారా?