ఉన్న ఆంప్‌కి నప్పే స్పీకర్ డిజైన్: ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేయాలి

సొంతంగా స్పీకర్లు చేసుకునేవాళ్లలో చాలామంది ముందు డిజైన్ చూసి ముచ్చటపడి ప్లైవుడ్ కోయించేస్తారు, ఆ తర్వాత ఇంట్లో ఉన్న ఆంప్ (యాంప్లిఫయర్) తగిలిస్తే ఏదో తేడా కొడుతుంది. నేనూ అలాగే మొదలుపెట్టాను. ఆ డిజైన్ అడిగే వోల్టేజీ, కరెంటు ఆ ఆంప్ దగ్గర ఉన్నాయా అని ముందే చూసుకుంటే సగం ఖర్చు మిగిలేది. మీ ఇంట్లో ఏ సమస్య వినిపిస్తోందో నేరుగా అక్కడికే వెళ్లి చదవండి.

సమస్య: వాల్యూమ్ ఫుల్ పెట్టినా చాలడం లేదు, ఇంకా పెంచితే గొంతు బొంగురుపోతోంది

మా ఎం.వి.పి. కాలనీ హాల్లో నాకు జరిగింది ఇదే. టీపీఏ 3116 చిప్ ఉన్న చిన్న క్లాస్ డీ ఆంప్ బోర్డు, 12 వోల్ట్స్ అడాప్టర్, 84 డీబీ (డెసిబెల్స్, మోతకి కొలత) సెన్సిటివిటీ ఉన్న చిన్న సీల్డ్ (గాలి పోకుండా మూసేసిన) డబ్బాలు. సెన్సిటివిటీ అంటే ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో ఎంత మోత వస్తుందనే లెక్క. పుస్తకాల అర మీద చాలా బాగున్నాయి, కానీ విశాఖలో ఏప్రిల్ వచ్చిందంటే ఆ ఉక్కకి కిటికీలు మూయలేం, ఫ్యాన్ అయిదు మీద తిరగాల్సిందే, మెల్లగా మోగే వీణ కాస్తా ఆ హోరులోనే కలిసిపోయేది.

కారణం లెక్కలోనే ఉంది. 12 వోల్ట్స్ మీద 8 ఓమ్స్ స్పీకర్‌కి ఈ రకం బోర్డు వక్రీకరణ లేకుండా ఇవ్వగలిగేది కాగితం మీద 9 వాట్స్, చేతికొచ్చేది ఇంకాస్త తక్కువ, అమ్మేవాళ్లు అట్ట మీద 100 అని రాసినా అంతే. 3 డీబీ పెరగాలంటే వాట్స్ రెట్టింపు కావాలి, 6 డీబీకి నాలుగు రెట్లు.

దారులు రెండు. పాత లాప్‌టాప్ 19 వోల్ట్స్ అడాప్టర్ ఇంట్లో ఉంటే తగిలించండి, 9 వాట్స్ కాస్తా 22 దాకా వెళ్తుంది, అంటే 4 డీబీ లాభం. 24 వోల్ట్స్‌తో 6 డీబీ వస్తుంది కానీ బోర్డు మీది కెపాసిటర్లు 25 వోల్ట్స్‌వి అయితే నేను ఆ సాహసం చేయను. రెండో దారి 90 డీబీ డిజైన్ ఎంచుకోవడం. డబ్బా పెద్దదవుతుంది, కానీ అదే ఆంప్ నాలుగు రెట్లు పెద్దదైనట్టు మోగుతుంది. ఇంకా చెక్క కోయించనివాళ్లకి నా సలహా ఇదే.

ఇక్కడ ఒక మోసం ఉంది, జాగ్రత్త. కొన్ని డిజైన్లలో సెన్సిటివిటీని ఒక వాట్‌కి కాకుండా 2.83 వోల్ట్స్‌కి రాస్తారు. 8 ఓమ్స్‌లో అది ఒక వాటే, 4 ఓమ్స్‌లో రెండు వాట్స్. కాబట్టి 4 ఓమ్స్ స్పీకర్‌కి అలా 88 అని రాసి ఉంటే వాట్ లెక్కన అది 85 మాత్రమే.

సమస్య: బేస్ దెబ్బ పడ్డప్పుడల్లా ఆంప్ ఆగిపోతోంది, హీట్‌సింక్ ముట్టుకోలేకపోతున్నాం

డప్పు పాటలకి ఇది బాగా బయటపడుతుంది. ఎక్కువసార్లు కారణం రెండు 8 ఓమ్స్ వూఫర్లు (బేస్ మోగించే యూనిట్లు) ప్యారలల్‌గా కలిపిన డిజైన్. అవి కలిస్తే 4 ఓమ్స్, క్రాసోవర్ (బేస్‌ని, సన్న శబ్దాల్ని వేరుచేసి పంపే సర్క్యూట్) వల్ల కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర ఇంకా కిందికి దిగుతుంది. మల్టీమీటర్‌తో స్పీకర్ టెర్మినల్స్ మీద కొలవండి: 6 దగ్గర చూపిస్తే అది 8 ఓమ్స్‌ది, 3.3 దగ్గర చూపిస్తే 4 ఓమ్స్‌ది. అయితే మీటర్ చూపించేది డీసీ రెసిస్టెన్స్ మాత్రమే, మధ్యలో ఎక్కడ లోయ ఉందో తెలియదు, దానికి డిజైన్‌తో ఇచ్చిన ఇంపెడెన్స్ గ్రాఫ్ (ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎన్ని ఓమ్స్ ఉందో చూపేది) చూడాలి. గ్రాఫ్ ఇవ్వని డిజైన్‌ని నేను ముట్టుకోను.

మన దగ్గర చాలామంది ఎల్ఎం 3886 అనే ఆంప్ చిప్ ఉన్న బోర్డుకి 25-0-25 ట్రాన్స్‌ఫార్మర్ కడతారు. రెక్టిఫయర్ తర్వాత అది సుమారు ప్లస్ మైనస్ 35 వోల్ట్స్. 8 ఓమ్స్‌కి హాయిగా సరిపోతుంది, 4 ఓమ్స్ తగిలిస్తే చిప్ తనను తాను కాపాడుకోవడానికి సిగ్నల్‌ని కోసేస్తుంది, మీకు చిటపటలు వినిపిస్తాయి. 4 ఓమ్స్ స్పీకర్లే ఉంచుకోవాలంటే ట్రాన్స్‌ఫార్మర్‌ని 18-0-18కి మార్చండి. తక్కువ వోల్టేజీ పెడితే పవర్ పోతుందని టెన్షన్ పడకండి, ఆగిపోయే 60 వాట్స్ కంటే ఆగకుండా మోగే 40 మేలు. చెక్క ఇంకా కోయకపోతే ఒక్క 8 ఓమ్స్ వూఫర్ ఉన్న టూ వే (బేస్‌కి ఒక యూనిట్, సన్న శబ్దాలకి ఒకటి) డిజైన్‌కి మారండి.

సమస్య: వాల్వ్ ఆంప్‌తో బేస్ బొయ్ బొయ్‌మంటోంది

అదే డబ్బా ట్రాన్సిస్టర్ ఆంప్‌తో బిగువుగా మోగుతుంది, వాల్వ్ ఆంప్ తగిలిస్తే లూజ్ అయిపోతుంది. సింగిల్ ఎండెడ్ వాల్వ్ ఆంప్‌లకి అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (ఆంప్ లోపలి సొంత అడ్డు) 2, 3 ఓమ్స్ దాకా ఉండటం మామూలే, అందువల్ల కోన్‌ని పట్టి ఆపే శక్తి తక్కువ. 6 ఓమ్స్ కాయిల్ ఉన్న వూఫర్‌కి ముందు 3 ఓమ్స్ చేరితే దాని ఎలక్ట్రికల్ క్యూ (పెరిగేకొద్దీ కోన్ మీద అదుపు తగ్గినట్టు చెప్పే అంకె) ఒకటిన్నర రెట్లు అవుతుంది, 0.4 ఉన్నది 0.6కి వెళ్తుంది. పోర్ట్ (గాలి గొట్టం) ఉన్న డబ్బాని 0.4 అనుకుని లెక్క కట్టారు కాబట్టి బేస్ ఉబ్బుతుంది.

ముందు ఖర్చులేని పరీక్ష చేయండి, పోర్ట్‌లో ఒక స్పాంజి ముక్క కుక్కి వినండి. బాగుపడితే మీ రోగం ఇదే. కొత్తగా చేసేవాళ్లు వాల్వ్‌కి సీల్డ్ డబ్బా, ఇంపెడెన్స్ ఎగుడుదిగుడు తక్కువగా ఉండేది, 90 డీబీ పైనుండేది చూసుకోండి. ఇంకో మాట, ట్రాన్సిస్టర్ ఆంప్‌తోనూ ఇదే జబ్బు వస్తే వూఫర్ దారిలో ఉన్న కాయిల్ చూడండి. సన్న తీగతో చుట్టిన చవక కాయిల్‌కే ఒక ఓమ్ రెసిస్టెన్స్ ఉంటుంది, లావు తీగది మారిస్తే చాలు.

సమస్య: గొంతు పల్చగా, చెవుల్లో గుచ్చుకునేలా ఉంది

డబ్బా ముందు పలక వెడల్పు 20 సెంటీమీటర్లయితే సుమారు 575 హెర్ట్జ్ నుంచి కిందికి శబ్దం వెనక్కి కూడా పారిపోతుంది, ముందుకొచ్చేది గరిష్ఠంగా 6 డీబీ దాకా తగ్గుతుంది. మంచి డిజైనర్ దీన్ని క్రాసోవర్‌లో సరిచేస్తాడు, దానికి సెన్సిటివిటీ బలి ఇస్తాడు, అందుకే చిన్న ఆంప్ ఉన్నవాళ్లు ఆ సవరణ తర్వాతి అంకెనే చూడాలి. గోడకి ఆనించి టీవీ యూనిట్ మీద పెట్టేవాళ్లకి సగం సవరణ సరిపోతుంది. పూర్తి సవరణ ఉన్న డిజైన్‌ని గోడకి ఆనిస్తే ఇప్పుడు ఉల్టా, బేస్ ముద్దకడుతుంది. స్పీకర్‌ని రెండడుగులు ముందుకి లాగి విని చూసి, ఆ తర్వాతే క్రాసోవర్ మీద చెయ్యి వేయండి.

ట్వీటర్లు (సన్న శబ్దాలు మోగించే చిన్న యూనిట్లు) మాటిమాటికీ కాలిపోతున్నాయా? పెద్ద ఆంప్ వల్లనే కాదు, చిన్న ఆంప్‌ని క్లిప్ అయ్యేదాకా (శక్తి చాలక సిగ్నల్ కొసలు తెగేదాకా) తిప్పినా పోతాయి. మొదటి సమస్యకి చెప్పిన మందే దీనికీ.

సమస్య: ఒక స్పీకర్ ఉన్నట్టుండి మూగబోతోంది

బీచ్ రోడ్డుకి దగ్గర్లో ఉంటే ముందు తీగ చివరలు చూడండి. ఉప్పుగాలికి రాగి పచ్చబడుతుంది, టెర్మినల్ లోపల తుప్పు పడుతుంది, ఆంప్ పోయిందని రిపేర్ షాప్‌కి పరుగెత్తుతాం. పచ్చబడిన ముక్క కత్తిరించి, కొత్త రాగి బయటికి తీసి, లగ్ క్రింప్ చేసి బిగించండి. వూఫర్ కొనేటప్పుడు అంచు రబ్బరుది అడగండి, ఫోమ్ అంచు ఈ తేమకి పొడిపొడిగా రాలిపోతుంది. డబ్బాకి ఎండీఎఫ్ (చెక్క నార అదిమి చేసిన పలక) వాడితే కోసిన అంచులన్నిటికీ, పోర్ట్ లోపలికీ సీలర్ కొట్టండి, కొట్టకపోతే వానాకాలానికి అంచు ఉబ్బి గాలి లీకవుతుంది.