కాగితపు హృదయం అల్లుదాం – పాఠం 2: ఒకటి లోపలికి, ఒకటి చుట్టూ

పోయిన పాఠంలో కత్తిరించిన రెండు గ్లేజ్ పేపర్ ముక్కలు బయటికి తీయండి. ఒకటి ఎరుపు, ఒకటి తెలుపు. రెండూ మడత మీదే ఉండాలి. వెడల్పు 6 సెంటీమీటర్లు, ఒక కొస గుండ్రం, మడత ఉన్న కొస నుంచి రెండు గాట్లు, అంటే మూడు పట్టీలు. గాటు పొడవు స్కేలు పెట్టి మళ్ళీ కొలవండి. సరిగ్గా 6 ఉంటే చాలదు, 6.3 దాకా ఉండాలి. ఎందుకో చివరి పట్టీ దగ్గర తెలుస్తుంది.

డెన్మార్క్ ఇళ్ళలో పాతకాలపు క్రిస్మస్ చెట్టుకి వేలాడిన ఈ హృదయం ఉత్త బొమ్మ కాదు, చిన్న సంచి. అందులో ఎండుద్రాక్షో, గింజలో, చిన్న బిస్కెట్లో పోసేవారు. ఇప్పటికీ మిగిలినవాటిలో అతి పాతదిగా చెప్పేది కథల రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1860 ప్రాంతంలో చేసినది. కత్తెర, కాగితం దొరికితే ఆయన చేతులు ఊరుకునేవి కావు. అది మాత్రం ఎరుపు తెలుపు కాదు, ఆకుపచ్చ, బంగారు రంగు. ఎరుపు తెలుపు జోడీ డానిష్ జెండా రంగులు. తయారీ విధానం 1871లోనే అక్కడి చేతిపనుల పత్రికలో అచ్చయింది. ఇప్పుడు బజారులో దొరికే మెరుపుల ప్లాస్టిక్ హృదయాల్లో ఏమీ పోయలేం. నాకు వాటి మీద కోపం అందుకే.

సంచి కావాలంటే తెరుచుకోవాలి. అల్లిక అంతా దాని కోసమే.

ఎర్ర ముక్క గుండ్రటి కొస ఎడమవైపు పైకి, తెల్లదాని గుండ్రటి కొస కుడివైపు పైకి పెట్టండి. మడత కొసలు కింద ఒకదానికొకటి అడ్డంగా రావాలి. తెల్ల గుండ్రానికి దగ్గరగా ఉన్న ఎర్ర పట్టీతో మొదలుపెట్టండి.

ఇక్కడే మన చేయి మోసం చేస్తుంది. చాప అల్లిక చూసి పెరిగినవాళ్ళం కదా, పడుగు పేకల్లాగా పైనుంచి, కిందనుంచి పోనిచ్చేస్తాం. నా మొదటి హృదయం అలాగే అల్లాను. చూడటానికి ముచ్చటగా ఉంది, తెరవబోతే అట్టముక్కలా బిగుసుకుపోయింది. ప్రతి పట్టీకీ రెండు పొరలున్నాయని మరిచిపోయాను.

ఎర్ర పట్టీని మొదటి తెల్ల పట్టీ రెండు పొరల మధ్యలోకి దూర్చండి. రెండో తెల్ల పట్టీ దగ్గర ఎర్ర పట్టీనే తెరిచి, తెల్లదాన్ని దాని కడుపులోంచి పోనివ్వండి. మూడోదాని దగ్గర మళ్ళీ ఎరుపు తెలుపు లోపలికి. అల్లిన పట్టీని గాటు మొదలు దాకా మెల్లగా పైకి జరపండి.

రెండో ఎర్ర పట్టీకి అంతా తిరగేయాలి: మొదటి తెలుపు ఎరుపులోంచి, ఎరుపు రెండో తెలుపులోంచి, మూడో తెలుపు ఎరుపులోంచి. మూడో ఎర్ర పట్టీ మొదటిదానిలాగే.

ఈ మూడోది టెన్షన్ పెడుతుంది. చోటు ఉండదు. బలవంతంగా లాగితే గాటు మొదట్లో కాగితం చిరుగుతుంది. పైన అల్లిన పట్టీలను ఇంకొంచెం పైకి నెట్టండి, పట్టీని వేళ్ళతో కాస్త వంచి దూర్చండి. ఆ 3 మిల్లీమీటర్లు ఆదుకునేది ఇక్కడే. అయినా పట్టకపోతే విప్పేసి గాటును ఒక మిల్లీమీటరు పెంచుకోండి, సిగ్గేం లేదు.

తొమ్మిది గళ్ళు వచ్చాయా? ముందూ వెనకా గళ్ళ వరస ఒకేలా కనిపించాలి. పైన బొటనవేలు పెట్టి తెరవండి. వేలు అడుగుదాకా దిగితే సరిగ్గా అల్లినట్టే. ఎక్కడైనా ఆగితే ఆ గడి దగ్గర చాప అల్లేశారన్నమాట, అంతవరకు విప్పితే చాలు.

వచ్చే పాఠానికి ఇలాంటివి ఇంకో రెండు అల్లి ఉంచండి. కాడ అప్పుడు అంటిద్దాం. అందాకా జిగురు డబ్బా మూత తీయొద్దు.