చివరి జబ్బులో మార్చిన వీలునామాను సవాలు చేయాలంటే ఎక్కడికి వెళ్లాలి, ఏం పట్టుకెళ్లాలి

"నాయన ఆసుపత్రిలో ఉండంగానే వీలునామా మార్పించుకున్నారు. దాన్ని రద్దు చేయించేదానికి ఏ ఆఫీసులో అర్జీ పెట్టాల?" కర్నూలు, కడప, అనంతపురం రిజిస్ట్రార్ ఆఫీసుల దగ్గర చాలామంది అడిగేది ఇదే. అలాంటి అర్జీ అసలు లేదు. రాసిన మనిషి బతికున్నంత కాలం దాన్ని మార్చుకునే, రద్దు చేసుకునే హక్కు ఆయనది. ఆయన పోయాక చెల్లుతుందో లేదో తేల్చేది సివిల్ కోర్టు. సబ్ రిజిస్ట్రార్‌కు గానీ, తహసీల్దారుకు గానీ, సోమవారం గ్రీవెన్సులో కలెక్టరుకు గానీ ఆ అధికారం లేదు. ఆ క్యూల్లో నిలబడి నెలలు పోగొట్టుకోవద్దు.

జబ్బుగా ఉన్నాడన్న ఒక్క కారణంతో వీలునామా కొట్టుబడదు. మంచం మీద ఉన్నవాడికీ బుద్ధి నిలకడగా ఉండొచ్చు. 1925 భారత వారసత్వ చట్టం 59వ సెక్షన్ చూసేది, తానేం చేస్తున్నాడో ఆ సమయంలో ఆయనకు తెలుస్తోందా అన్నదే. మోసంతో, బలవంతంతో రాయించినది చెల్లదని 61 చెబుతుంది. 63 ప్రకారం ఇద్దరు సాక్షులు ఉండాలి. ఆయన సంతకమో వేలిముద్రో పెట్టడం వాళ్లు చూసి ఉండాలి, లేదా అది తనదేనని ఆయనే వాళ్లకు చెప్పి ఉండాలి. ఆపైన ఆయన ఎదుటే వాళ్లు సంతకం చేయాలి. పాత వీలునామాలో గీతలు కొట్టి, పక్కన కొత్త పేరు రాసి ఉంటే, ఆ మార్పు దగ్గర కూడా ఇదే పద్ధతిలో సంతకాలు పడాలి. లేకపోతే ఆ మార్పు లెక్కలోకి రాదు.

మీకు బలం ఇచ్చే సంగతి ఒకటుంది. వీలునామా నిజమైనదని రుజువు చేసే భారం దాన్ని చూపించేవాళ్లదే. అనుమానాలుంటే వాటిని తీర్చాల్సిందీ వాళ్లేనని 1959లో వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆస్తి దక్కినవాడే దస్తావేజు లేఖరిని పిలుచుకురావడం, సాక్షులు వాడి మనుషులే కావడం, భార్యాబిడ్డలను కారణం చెప్పకుండా తప్పించడం, చావుకు నాలుగు రోజుల ముందు మార్చడం లాంటివన్నీ అనుమానాల కిందికే వస్తాయి. రిజిస్టర్ అయినంత మాత్రాన ఇవి తీరిపోవు. అయితే బలవంతం, మోసం అని మీరు ఆరోపిస్తే దాన్ని చూపించాల్సింది మీరే. అందుకే నోటికొచ్చిన ఆరోపణలన్నీ దావాలో రాయించకండి.

ముందుగా వీలునామా నకలు సంపాదించాలి. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీస్తే వీలునామా కనబడదు. అది రిజిస్ట్రేషన్ ఆఫీసు మూడో పుస్తకంలో ఉంటుంది, ఈసీ ఒకటో పుస్తకం నుంచి వస్తుంది. ఈసీలో లేదు కాబట్టి వీలునామా లేదనుకోవడం మామూలు పొరపాటు. రాసినవారు పోయాక ఎవరడిగినా సర్టిఫైడ్ కాపీ ఇస్తారు. మరణ ధ్రువపత్రం పట్టుకుని, రిజిస్టర్ చేసిన ఆఫీసుకు వెళ్లండి. తేదీతో పాటు, రిజిస్ట్రేషన్ ఆఫీసులో జరిగిందా, సబ్ రిజిస్ట్రారే ఇంటికో ఆసుపత్రికో వచ్చి చేశారా అన్నదీ చూడండి. పాత వీలునామా ఉంటే దాని నకలూ తీయండి. కొత్తది పడిపోతే నిలబడేది పాతదే. అందులోనూ మీకు ఏమీ లేకపోతే, గెలిచినా మీకు ఒరిగేదేమీ ఉండదు.

అన్నిటికన్నా విలువైన కాగితం ఆసుపత్రి కేస్ షీటు. డిశ్చార్జి సమ్మరీ చాలదు. వీలునామా రాసిన రోజు నర్సులు గంటగంటకూ రాసిన చార్టు కావాలి. ఆ పూట మత్తుమందు ఎంత ఇచ్చారు, మనిషి పిలిస్తే పలికాడా, వెంటిలేటర్ మీద ఉన్నాడా అన్నవి అందులోనే ఉంటాయి. ఎదుటివాళ్లు "స్పృహలో ఉన్నాడు" అని ఒక్క వాక్యం రాసిన డాక్టరు సర్టిఫికెట్ తెస్తారు. దాని ముందు పెట్టడానికి ఈ చార్టును మించినది లేదు. రోగి రికార్డులను మూడేళ్లు ఉంచాలని, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 వైద్య నియమావళి చెబుతోంది. లిఖితపూర్వకంగా అడిగి, ముట్టినట్టు సంతకం తీసుకోండి. ఇవ్వకపోతే కోర్టు ద్వారా తెప్పించవచ్చు, కానీ ఆలోగా మూడేళ్లు దాటనివ్వకండి.

పొలం ఉంటే రెండో పక్క కూడా కాపలా కాయాలి. అవతలివాళ్లు వీలునామా పట్టుకుని సచివాలయంలోనో మీసేవలోనో మ్యుటేషన్‌కు, అంటే భూమి రికార్డుల్లో పేరు మార్పుకు పెడతారు. తహసీల్దారు ఆఫీసులో అభ్యంతర పత్రం ఇచ్చి రసీదు తీసుకోండి. పాసుబుక్కు మారినంత మాత్రాన హక్కు మారిపోదు గానీ, వన్-బీలో (భూమి ఎవరి పేర ఉందో చూపే రెవెన్యూ రికార్డులో) పేరెక్కితే అమ్మకానికి దారి పడుతుంది. ఉత్తర్వు వ్యతిరేకంగా వస్తే అప్పీలు ఆర్డీఓ దగ్గర. 2022లో జిల్లాలు విడిపోయాయి కాబట్టి, పాత అనంతపురం జిల్లాలోని భూమికి మీ ఆర్డీఓ ఇప్పుడు పుట్టపర్తిలోనో గుంతకల్లులోనో ఉండొచ్చు.

అసలు పని దావా. భూమి ఎక్కడుంటే ఆ పరిధి కోర్టులోనే వేయాలి, ప్రొద్దుటూరు పొలానికి కర్నూలులో వేయలేరు. "వీలునామా నన్ను కట్టిపడేయదు" అని కోర్టు ప్రకటన (డిక్లరేషన్) అడిగి ఊరుకోకండి. పంపకం కూడా అడగాలి. అడగదగినది అడగకపోతే ఒట్టి ప్రకటన కోర్టు ఇవ్వదు. ఆస్తి అమ్మకుండా ఇంజంక్షన్ పిటిషన్ దానితోపాటే వేయండి. ప్రకటన దావాకు గడువు మూడేళ్లు, హక్కుకు మొదట అడ్డు తగిలిన రోజు నుంచి లెక్క. ఆస్తి పూర్వీకులదైతే మరో వాదన ఉంది. తండ్రి తన భాగం వరకే వీలునామా రాయగలడు, మిగతాది ఆయనది కాదు.

విచారణలో అవతలివాళ్లు ఇద్దరు సాక్షుల్లో కనీసం ఒకరినైనా బోనెక్కించాలి. ఎవరు ముందు సంతకం చేశారు, గదిలో ఎవరెవరున్నారు, చదివి వినిపించింది ఎవరు అని మీ లాయరు అడిగేది అప్పుడే. వేలిముద్ర మీద అనుమానం ఉంటే, సబ్ రిజిస్ట్రార్ దగ్గర ఉన్న పాత ముద్రలతో పోల్చమని పిటిషన్ వేయవచ్చు.

ముస్లిం కుటుంబాల లెక్క వేరు. వారసుల సమ్మతి లేకుండా మూడో వంతుకు మించి వీలునామా చెల్లదు. సున్నీల్లో ఒక వారసుడికి రాస్తే మిగతా వారసులు ఒప్పుకోవాలి. చావు జబ్బులో ఇచ్చిన హిబాకూ (బతికుండగా ఇచ్చే దానానికీ) ఇదే హద్దు. కాబట్టి ఆ కాగితం వీలునామానా హిబానామానా ముందు చూసుకోండి.

లాయరు ఫీజుకు వెనకాడే ఆడవాళ్లు, ఎస్సీ, ఎస్టీలు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం పొందవచ్చు. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థలో తెల్లకాగితం మీద రాసిచ్చినా సరే, 15100కు ఫోన్ చేసినా సరే. కోర్టు ఫీజు విషయం కూడా అక్కడే అడగండి. ఆస్తి ఉమ్మడిగా మీ అనుభవంలో ఉందని చూపితే పంపకం దావాకు కట్టేది స్వల్పమే, బయటికి నెట్టేశారని రాస్తే ఆస్తిలో మీ వాటా విలువను బట్టి కట్టాలి.