లక్ష్మాగౌడ్ బొమ్మల వెంట నడవాలంటే

మల్లేశ్వరంలో ఉంటూ పదేళ్లుగా చిత్రకారుడు లక్ష్మాగౌడ్ గారి బొమ్మల వెంట తిరుగుతున్నాను. మీరూ మొదలుపెడితే ముందొక నోటుబుక్కు కొనండి. ప్రదర్శనలో బొమ్మ పక్క చీటీ చూసి ఏడాది, మాధ్యమం, కొలతలు రాసుకోండి. తొలి ఎచింగుల్లోని (లోహపు పలక మీద ఆమ్లంతో గీత చెక్కి, కాగితం మీద అచ్చువేసిన బొమ్మలు) గీత రంగుల్లోకి, టెర్రకోట అనే కాల్చిన మట్టిలోకి ఎలా నడిచిందో ఆ పుస్తకమే చూపిస్తుంది. మేకలూ, పల్లె మనుషులూ మాత్రం ఆయన్ని వదల్లేదు. నాకు ప్రాణం అదే.

ప్రింటు కొనేటప్పుడు తొందరొద్దు. అంచున పెన్సిలుతో 12/50 అని ఉంటే 50 ప్రతుల్లో అది 12వది. ఎచింగైతే పలక అంచు నొక్కిన పల్లం కాగితం మీద ఉంటుంది. వెలుతురులో ఏటవాలుగా పట్టి చూడండి. చూడక నేనొకసారి డిజిటల్ ప్రతి కొన్నాను, ఇప్పటికీ బాధే.

గ్యాలరీకి ప్రారంభం రోజు కాకుండా మామూలు మధ్యాహ్నం వెళ్లండి. గోడ ముందు మీరొక్కరే ఉంటారు.