జపాన్‌లో రైలు పాస్ కొనాలా? ముందు మీ రూటు రాయండి

ముప్పై ఒక్క ఏళ్లు రైల్వే బుకింగ్ కౌంటర్లో కూర్చున్నవాణ్ణి. మా ఇంట్లో పాస్ అంటే జేబులోంచి పైసా తీయకుండా రైలెక్కడం. అందుకే 2024 నవంబర్‌లో మా ఆవిడా నేనూ జపాన్ బయల్దేరుతున్నప్పుడు "మావయ్యగారూ, ఏడు రోజుల జేఆర్ పాస్ తీసేస్తే ఏ రైలైనా ఎక్కేయొచ్చు" అని మా అల్లుడు అనగానే సరే అనబోయాను. జేఆర్ అంటే జపాన్ రైల్వేస్. ధర చూసి ఆగిపోయాను. మనిషికి 50,000 యెన్లు. అప్పటి లెక్కలో ఇరవై ఎనిమిది వేల రూపాయలు.

2023 అక్టోబర్‌కి ముందు ఇదే పాస్ 29,650 యెన్లు. టోక్యో నుంచి క్యోటో వెళ్లొస్తే చాలు, దాదాపు గిట్టుబాటయ్యేది. కళ్లు మూసుకుని కొనేయమనే సలహాలు చాలావరకు ఆ రోజులవే. ఇప్పుడు కళ్లు తెరిచి లెక్క వేసుకోవాలి.

నేను చేసింది ఇది. పాత క్యాలెండర్ కాగితం వెనక రోజుకో గీత గీసి, ఏ రోజు ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగుతామో రాశాను. ఊళ్లో తిరిగే మెట్రోలు, బస్సులు అందులో రాయలేదు. జేఆర్ పాస్ ఎలాగూ వాటికి చెల్లదు. వాటికి సుయికా లాంటి కార్డులో డబ్బు వేసుకుంటే చాలు. దూరం రైళ్లు మాత్రం రాస్తే నాలుగే తేలాయి. టోక్యో నుంచి క్యోటో సుమారు 14,000. క్యోటో నుంచి హిరోషిమా రానూపోనూ 22,000 పైన. నారా వెళ్లి రావడానికి 1,440. చివర్లో ఒసాకా దగ్గరి కాన్సాయ్ ఎయిర్‌పోర్టుకు ఇంకో రెండు మూడు వేలు. అంతా కలిపితే 40,000 చిల్లర. అంటే విడి టికెట్లే నయం.

అక్కడితో ఆగితే మాకింకా నష్టమే. ఉన్నది దేశం మొత్తానికీ చెల్లే పాస్ ఒక్కటే కాదు, ప్రాంతాలవారీగా చిన్న పాస్‌లూ ఉన్నాయి. కాన్సాయ్-హిరోషిమా పాస్ అయిదు రోజులకు 17,000 యెన్లు. హిరోషిమా, నారా, ఎయిర్‌పోర్టుకు వెళ్లే హరుకా రైలు, మియాజిమా దీవికి జేఆర్ పడవ అన్నీ అందులోనే. టోక్యో నుంచి క్యోటోకు మాత్రం విడిగా టికెట్ తీసుకున్నాం. మనిషికి 31,000 దగ్గర తేలింది. ఇద్దరికీ కలిపి పెద్ద పాస్ కన్నా 38,000 యెన్లు మిగిలాయి.

ఒక చోట మాత్రం బోల్తా పడ్డాను. హిరోషిమా వెళ్లే రోజు పొద్దున్నే క్యోటో స్టేషన్లో షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) గేటులో పాస్ పెట్టాను. గేటు టంగుమని మూసుకుంది. వెనక జనం. అక్కడి ఉద్యోగి పరిగెత్తుకొచ్చి, నా పాస్ చూసి, మ్యాప్ మీద వేలు పెట్టి చూపించాడు. క్యోటో నుంచి షిన్-ఒసాకా దాకా ఉన్న షింకన్‌సెన్ లైను వేరే కంపెనీది, ఈ పాస్ అక్కడ చెల్లదు. మామూలు రైల్లో షిన్-ఒసాకా చేరి (అరగంట కూడా పట్టదు), అక్కడ షింకన్‌సెన్ ఎక్కాలి. జీవితమంతా జనాలకు "షరతులు చదువుకోండి సార్" అని చెప్పినవాణ్ణి! మా ఆవిడ రోజంతా నవ్వుతూనే ఉంది.

విడి టికెట్ కొన్నవాళ్లు చేతికి రెండు కాగితాలు వస్తే కంగారు పడకండి. ఒకటి దూరానికి ఛార్జీ, రెండోది వేగానికి. మన సూపర్‌ఫాస్ట్ సర్‌ఛార్జీ లాంటిదే, కాకపోతే దానికి వేరే కాగితం ఇస్తారు. గేటులో రెండూ కలిపి పెట్టాలి.

పెద్ద పాస్ దండగ అనడం లేదు. టోక్యో నుంచి హిరోషిమా వెళ్లొస్తే 39,000 దాకా, అదే వారంలో సెండాయ్ కూడా వెళ్లొస్తే ఇంకో 22,000 పైన అవుతుంది. అలా దేశం ఆ చివర నుంచి ఈ చివరకు తిరిగేవాళ్లకు పాస్ లాభమే. కానీ రెండు మెలికలున్నాయి. రోజులు వరసగా లెక్కేస్తారు, హోటల్లో పడుకున్న రోజు కూడా ఖర్చయినట్టే. రాత్రి ఎనిమిదికి మొదలుపెట్టినా ఆ రోజు పోయినట్టే. ఇక అన్నిటికన్నా వేగమైన నొజోమీ ఎక్కాలంటే పాస్ ఉన్నా అదనంగా కట్టాలి, టోక్యో-క్యోటోకి 4,960 యెన్లు. వద్దనుకుంటే కాస్త నెమ్మదైన హికారీ రైల్లో ఇంకో అరగంట ఎక్కువ కూర్చోవడమే.

పిల్లలుంటే లెక్క మళ్లీ వేసుకోండి. ఆరు నుంచి పదకొండేళ్ల వాళ్లకు పాసైనా టికెట్టైనా సగమే. ధరలు ఎప్పటికప్పుడు మారుతుంటాయి కాబట్టి నా అంకెలు కాకుండా మీరు వెళ్లే నెల అంకెలు వేసుకోండి. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటితే టోక్యో నుంచి క్యోటో, హిరోషిమా వైపు వెళ్లే షింకన్‌సెన్‌లో దానికి చోటున్న సీటే ముందుగా రిజర్వ్ చేసుకోవాలి. మా ఆవిడ పచ్చళ్ల పెట్టె 158 వచ్చింది. టేపుతో మూడుసార్లు కొలిచాను.