ఆఫీసులో రోజూ మాటలు పడుతున్నారా, ముందు ఒక నోట్‌బుక్ కొనండి

భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్లాంటులో మూడేళ్లు అకౌంట్స్ చేశానండి. మా మేనేజర్ నలుగురిలో నిలబెట్టి తిట్టేవాడు, రాత్రి పదకొండింటికి వాట్సాప్ గ్రూపులో "ఈవిడకి కూడికలు కూడా రావు" అని పెట్టేవాడు. పొద్దున్నే పాలకొల్లులో బస్సెక్కుతుంటేనే గుండె దడ, ఆదివారం సాయంత్రం నుంచే అన్నం సహించేది కాదు, నేనేమో ఏడాది పాటు గ్యాస్ టాబ్లెట్లు మింగుతూ కూచున్నా.

చెరువుల్లో రొయ్యల పట్టుబడుల టైములో లోడు మీద లోడు దిగుతుంటే అందరూ అందరి మీదా అరుస్తారు, అది వేరు. ఒక్క మనిషినే పట్టుకుని పదే పదే తీసిపారెయ్యడం, పని లాగేసుకుని ఖాళీగా కూచోబెట్టడం, సెలవడిగితే ఎగతాళి చెయ్యడం, ఇదండీ వేధింపంటే.

అలా జరుగుతుంటే ఆ రాత్రే పుస్తకంలో తేదీ, టైము, ఎవరెవరున్నారు, ఏమన్నాడు అన్నీ రాయండి. "చాలా బాధపెట్టాడు" అని కాదు, అన్న మాట అన్నట్టే రాయాలి. కిందే ఆ రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారో, తలనొప్పి వచ్చిందో లేదో కూడా రాయండి, ఎందుకంటే రెండు నెలలయ్యాక ఆ తిట్లకీ మీ ఒంటికీ ఉన్న లింకు మీకే కనబడుతుంది. పుస్తకం ఇంట్లోనే ఉంచండి, ఆఫీసు డ్రాయర్లో వద్దు. మెసేజీలు స్క్రీన్‌షాట్ తీసి సొంత మెయిల్‌కి పంపుకోండి, కంపెనీ ఫైళ్లు మాత్రం ముట్టుకోవద్దు, తిరిగి మీ మీదే దొంగతనం కట్టేస్తారు.

డాక్టర్ దగ్గరకెళ్తే ఆఫీసు సంగతి దాచకండి, నేను చేసిన పెద్ద తప్పు అదే. రోజూ భయంలో ఉంటే ఒళ్లు ప్రమాదంలో ఉన్నట్టే పనిచేస్తుంది, నిద్ర పట్టదు, బీపీ పెరుగుతుంది, కడుపు పాడవుతుంది, మనసు కుంగిపోతుంది. బీపీ డ్యూటీ రోజొకసారి సెలవు రోజొకసారి చూపించుకుని రాసుకోండి. ఛాతీలో నొప్పొస్తే గ్యాసేలే అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. నెల జీతం 21,000 లోపుంటే ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగుల ఆరోగ్య బీమా, ఉందేమో కనుక్కోండి. బతకాలనిపించకపోతే, ఏడుపు ఆగకపోతే 14416 టెలీ మానస్‌కి, అంటే ప్రభుత్వం వారి మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి, ఏ టైములోనైనా ఫోన్ చెయ్యండి, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు. సిగ్గుపడాల్సింది మీరు కాదమ్మా.

కంప్లైంట్ మెయిల్లోనే పెట్టండి, తేదీలతో మూడు సంఘటనలు చాలు. మన దేశంలో మామూలు వేధింపుకని విడిగా చట్టం లేదు, అదే నాకు కోపం. ఆడవాళ్లని లైంగికంగా వేధిస్తే మాత్రం 2013 చట్టం ఉంది, పదిమంది పనిచేసే చోట కమిటీ ఉండి తీరాలి, 3 నెలల్లోపు ఫిర్యాదివ్వాలి. కులం పేరుతో ఎస్సీ, ఎస్టీ వాళ్లని నలుగురిలో అవమానిస్తే 1989 అట్రాసిటీ చట్టం ఉంది. లాయరుకి డబ్బుల్లేకపోతే ఉచిత న్యాయసహాయం నంబరు 15100కి ఫోన్ చెయ్యండి, ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితం.

పక్క సీటువాళ్లూ, ఊరుకోకండి. అందరూ తప్పుకు తిరుగుతుంటే ఒకమ్మాయి రోజూ క్యారేజీ తెచ్చుకుని నా పక్కనే కూచుని తినేది, నేను ఇంకో ఆర్నెల్లు నిలబడింది ఆ పిల్ల వల్లే.

మానేద్దామనుకుంటే కోపంలో రాజీనామా రాసెయ్యకండి. ముందు జీతం స్లిప్పులు దాచుకోండి, పీఎఫ్‌కి మీ సొంత ఫోన్ నంబరే లింకయి ఉందో లేదో చూసుకోండి, ఇంకో పని దొరికాకే కాగితం ఇచ్చి అందినట్టు సంతకం తీసుకోండి.