చానెల్ ఎప్పుడు మారిందో తేదీతో సహా పట్టుకోవడం ఎలా?

"ఈ చానెల్ ఒకప్పుడు ఇట్లా ఉండేది కాదు" అనే మాట కడపలో తరచూ వినిపిస్తుంది గానీ, ఏ నెల నుంచి మారిందని అడిగితే చెప్పగలిగినవారు అరుదు. అది తెలియాలంటే ఒక రూళ్ల నోటుబుక్కు, ఏడాది ఓపిక కావాలి.

ఒకే చానెల్‌ను ఎంచుకొని, ప్రతి నెలా మొదటి వారం, ఉదయం ఆరు నుంచి రాత్రి పదకొండు వరకు అరగంటకొక గడి చొప్పున కార్యక్రమాల పేర్లు రాయాలి. రోజంతా టీవీ ముందు కూర్చోనక్కర్లేదు. సెట్‌టాప్ బాక్సు గైడులోని పేర్లు రాసుకొని, అనుమానం వచ్చిన గడులను మాత్రం స్వయంగా చూడాలి. గైడులో పాత పేరే ఉండగా తెర మీద వేరే కార్యక్రమం నడవడం నేను చాలాసార్లు చూశాను. పేరు పక్కన అది కొత్త ఎపిసోడా, పునఃప్రసారమా, డబ్బింగ్ సీరియలా అన్నది ఒక్క అక్షరంతో గుర్తు పెట్టుకోవాలి.

అందరి కన్నూ రాత్రి ఏడు నుంచి పది దాకా ఉండే ప్రైమ్‌టైమ్ మీదే ఉంటుంది. ప్రకటనల రాబడి ఎక్కువగా ఉండే ఆ గంటలను చానెల్ తేలిగ్గా కదిలించదు కనుక, మధ్యాహ్నాన్ని గమనించడమే మేలు. నా పుస్తకంలో ఒక వంటల కార్యక్రమం ముందు వారానికి ఐదు రోజుల నుంచి మూడు రోజులకు తగ్గి, తరువాత పాత ఎపిసోడ్లతో నెట్టుకొచ్చి, చివరకు ముందురోజు రాత్రి సీరియల్ పునఃప్రసారానికి చోటు వదిలింది. ఇందుకు నాలుగు నెలలు పట్టింది.

ఒంటిమిట్ట కల్యాణం ప్రత్యక్ష ప్రసారానికో, సంక్రాంతి సినిమాకో ఆగిన కార్యక్రమం మర్నాడు తిరిగి వస్తుంది. దానిని మార్పుగా లెక్కించకూడదు. షూటింగులు ఆగి పాత సీరియళ్లే నడిచిన 2020 లాక్‌డౌన్ నెలలనూ విడిగా ఉంచాలి.

వెనకటి కాలానికి పాత దినపత్రికల్లో అచ్చయిన టీవీ కార్యక్రమాల పట్టికలే ఆధారం. జెమిని, ఈటీవీ 1995లో మొదలయ్యాయి కనుక, జిల్లా గ్రంథాలయంలో ఆ ఏడాది నుంచి సంచికలు అడిగి చూడాలి. వెతికేటప్పుడు పాత పేర్లు గుర్తుండాలి: నేటి స్టార్ మా అప్పటి మా టీవీ, ఈటీవీ ఆంధ్రప్రదేశ్ అప్పటి ఈటీవీ 2.

కేబుల్ ఆపరేటర్ సొంతంగా నడిపే చానెల్‌కు మాత్రం పత్రికలో పట్టిక ఉండదు. చందా వసూలుకు వచ్చే అబ్బాయినే అడగాలి. మా వీధిలో రాత్రి తొమ్మిదిన్నర సినిమా ఎప్పుడు ఆగిందో అతనికి బాగా జ్ఞాపకం, ఎందుకంటే ఆ రాత్రి ఫోన్లన్నీ అతనికే వచ్చాయి.